బాక్స్‌రూమ్ కిటికీ

"కెమెరా ముట్టుకుంటే ఏం కాదులే, అదేమన్నా దేవుడా?" అంది కమలాదేవి, కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరుగుతూ.

శివపార్వతి ఆవిడ పూర్తిగా జరిగేదాకా ఆగి, కిందికి దిగి గ్లాసు తీసుకుంది. అత్తగారు ఆరు నెలల వీసా మీద తాడేపల్లిగూడెం నుంచి గ్లాస్గో వచ్చింది నవంబరులో. అప్పట్నించి నెలకి మూడు రోజులు కోడలి మకాం మేడమీద పాత సామాన్లు పెట్టే బాక్స్‌రూమ్‌లో. పదకొండేళ్ళుగా ఈ దేశంలో కాపురం చేస్తున్న మనిషి, సర్జరీలో, అంటే డాక్టర్ల క్లినిక్‌లో, రిసెప్షన్ కుర్చీలో కూర్చుని రోజుకి వందమందికి అపాయింట్‌మెంట్లు ఇచ్చే మనిషి, ఇంటికొచ్చి "బయటున్నానండీ" అని చెప్పి, తన కంచం తనే కడిగి విడిగా బోర్లించుకోవడం మొదలుపెట్టింది. ఆ మైల మహా తెలివైనది. వంటగదిలోకి పోనివ్వదు, కింద హాల్లో అలమర తలుపులు ఊడదీసి చేసిన దేవుడి అర దగ్గరికి పోనివ్వదు. బాత్‌రూములు కడగడానికీ, ఇల్లంతా హూవర్‌తో ఊడవడానికీ, నెలాఖరున జీతం తేవడానికీ మాత్రం అడ్డం చెప్పదు.

"నాకలాంటి పట్టింపులేం లేవని నీకు తెలుసుగా పార్వతీ" అన్నాడు భానుప్రకాష్ మొదటి నెలలోనే. "అమ్మ ఉన్నన్నాళ్ళేగా. పెద్దావిణ్ణి బాధపెట్టడం దేనికి?" ఆ మాటకే ఆమె కరిగిపోయింది. పట్టింపులున్న మొగుళ్ళున్నారు, ఈయన ఆ జాతి కాదు అనుకుంది. ఆ మూడు రోజులూ తల్లి చేతి గుత్తివంకాయ తింటూ "ఎన్నాళ్ళకి తిన్నానమ్మా ఇలాంటి వంట!" అని ఆయన మేడమీదికి వినబడేలా అంటే, పోనీలే, తల్లీకొడుకుల ముచ్చట అనుకుంది. ఆడవాళ్ళకి పోనీలే అనుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

నిజం చెప్పాలంటే బాక్స్‌రూమ్ ఆమెకి నచ్చింది. ఒక మడతమంచం, ఒక కిటికీ, పాత సూట్‌కేసులు, వాటి మీద నల్లటి కెమెరా సంచి. భానుప్రకాష్ రెండేళ్ళ కిందట ముచ్చటపడి కొన్నాడు. కూతురు సాత్విక పుట్టినరోజుకి రెండుసార్లు తీసి, ఇంకో పొడుగాటి లెన్సు కూడా కొని, తర్వాత దాని సంగతే మర్చిపోయాడు. డిసెంబరులో ఆ మూడు రోజుల్లో ఒకరోజు ఏమీ తోచక శివపార్వతి సంచి విప్పి, అందులో ఉన్న చిన్న పుస్తకం మొదటి పేజీ నుంచి చదివింది. పెళ్ళయ్యాక ఆమె ఒక పుస్తకం చివరిదాకా చదవడం అదే మొదలు.

కిటికీ కింద సందు, సందులో కౌన్సిల్ వాళ్ళ చెత్తడబ్బాలు, వాటి మీదికి వాలే సీగల్స్. తీయడానికి ఇంకేం లేక వాటినే తీసింది. తెల్లపిట్ట, వెనక గ్లాస్గో తెల్ల ఆకాశం. ప్రతి ఫోటోలోనూ ఆకాశం అంట్లు తోమిన నీళ్ళలా, పిట్ట మసిగుడ్డలా వచ్చింది. పుస్తకం మళ్ళీ చదివింది. ఎదురుగా అంతా తెల్లగా ఉంటే వెలుగు మరీ ఎక్కువైపోయిందని కెమెరా కంగారుపడి తగ్గించేసుకుంటుందట. దాని మాట వినకుండా మనమే వెలుగు పెంచాలట. ఒక గీత పెంచింది, రెండు గీతలు పెంచింది. పెంచడం ఎక్కువైతే పిట్ట రెక్కల మీది ఈకలు మాయమై తెల్ల కాగితంలా అవుతోంది. జనవరిలో మళ్ళీ మూడు రోజులు. ఈసారి ఎగిరేవాటి వెంట కెమెరా తిప్పడం పట్టుబడింది. రెక్కల వెంట పడకూడదని, కంటి వెంట పడాలని ఆమెకి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఎటు తిరగబోతోందో పిట్ట కన్ను ముందే చెబుతుంది.

ఫిబ్రవరిలో భానుప్రకాష్‌కి నలభై నిండాయి. ఆఫీసువాళ్ళు చందాలేసుకుని అతనికొక వోచర్ ఇచ్చారు. ఉత్తరాన కొండల్లో గద్దల్ని పెంచే ఒక కేంద్రంలో, ఎగిరే గద్దల్ని ఫోటోలు తీసుకునేందుకు ఒక పూట. శనివారం పడింది. ఆ శనివారం శివపార్వతి 'బయట' రెండో రోజు. "తీసుకెళ్ళరా, పైన గదిలో ఉన్నా ఒకటే, కార్లో ఉన్నా ఒకటే" అంది కమలాదేవి. చలికి తను మాత్రం కదలనంది.

కొండలన్నీ మంచు కప్పుకుని ఎండకి కళ్ళు చెదిరిపోయేలా ఉన్నాయి. ఫోటోలు తీసేవాళ్ళు ఆరుగురు, అందరూ మగవాళ్ళే. గద్దని తెచ్చింది మాత్రం అరవయ్యేళ్ళ ఆడమనిషి, మోరాగ్. మోచేతిదాకా తోలు తొడుగు, దాని మీద తెల్ల తల, పసుప్పచ్చ ముక్కు, నల్లటి ఒళ్ళు ఉన్న గద్ద. ఇది అమెరికా జాతి, ఇక్కడి అడవుల్లో ఉండదు, ఈ కేంద్రంలోనే పుట్టి పెరిగిందని చెప్పింది. ఆడది కాబట్టే ఇంత ఉందట, మగవి దీనికన్నా చిన్నవట. "మా ఇంట్లోనూ అంతేనండోయ్, నేనే చిన్న!" అని భానుప్రకాష్ ఇంగ్లీషులో జోకేశాడు. అందరూ నవ్వారు.

మోరాగ్ గద్దని కొండవాలులో ఒక కొయ్య మీంచి ఇంకో కొయ్య మీదికి మాంసం ముక్క చూపించి రప్పిస్తోంది. భానుప్రకాష్ అరగంటసేపు టకటకా నొక్కాడు. చూస్తే మంచు బూడిదరంగులో, గద్ద బొగ్గుముక్కలా. "దిక్కుమాలిన కెమెరా, పాడైపోయినట్టుంది. నువ్వు పట్టుకో, నేనో హాట్ చాక్లెట్ తాగొస్తా. వేళ్ళు పడిపోతున్నాయి" అని కెమెరా భార్య మెడలో వేసి కెఫేలోకి వెళ్ళిపోయాడు.

సాత్విక తల్లి పక్కనే నిలబడి లెన్సు మూత పట్టుకుంది. శివపార్వతి మంచుకేసి చూసింది. చెత్తడబ్బాల మీది ఆకాశమే, కాకపోతే ఎండలో కడిగింది. వెలుగు ఒకటిన్నర గీత పెంచింది. మరీ పెంచితే తల మంచులో కలిసిపోతుంది, పెంచకపోతే ఒళ్ళు మసి. షట్టరు సెకనులో రెండు వేలో వంతుకి పెట్టింది. గద్ద లేచింది. అంత పెద్ద పక్షి మొదటి రెండు రెక్కవిసుర్లకి నేలబారుగా, బరువుగా వచ్చి, తర్వాత గాలి మీదికెక్కింది. శివపార్వతి దాని కన్ను పట్టుకుంది. అది ఆమెకేసే తిరిగింది, రెక్కలు బార్లా చాపి, వెనకంతా మంచుకొండ. ఆమె వేలు ఆమెని అడక్కుండానే నొక్కింది. అప్పుడు ఆమెకి కడుపునొప్పి లేదు, చలి లేదు, ఇల్లు లేదు. ఇంత సంతోషం తన ఒంట్లో ఎక్కడ దాక్కుందో ఆమెకే తెలియలేదు.

కెమెరా వెనక తెరమీద చూస్తే తల మీద ఒక్కో ఈకా కనిపిస్తోంది. కంట్లో ఎండ చుక్క. కాళ్ళకి వేలాడుతున్న తోలు పట్టీలు. మోరాగ్ వంగి చూసి, ఆమె భుజం మీద చెయ్యేసి నొక్కింది. "మమ్, దట్స్ అమేజింగ్!" అని సాత్విక గెంతింది.

ఆదివారం పొద్దున్న ఆ ఫోటో లాప్‌టాప్‌లో చూసి కమలాదేవి లేచి నిలబడింది. తెల్ల తల చూడగానే గోదావరి గట్టు మీద తిరిగే గరుడపక్షి అనుకుంది. "స్వామీ! ఈ దేశంలోనూ ఉన్నావా నాయనా!" అని రెండు చేతులూ తెరకి తాకించి కళ్ళకద్దుకుంది. అమెరికా గద్ద అని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "ఎవర్రా తీసింది?" అంది తడి కళ్ళతో.

మెట్ల మీద నిలబడ్డ భార్యకేసి భానుప్రకాష్ ఒక్క క్షణం చూశాడు. "నేనేనమ్మా" అన్నాడు.

తర్వాత మేడమీదికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "నిన్న నువ్వు బయటున్నావు కదా. నువ్వు తీశావంటే దాన్ని ఆవిడ మళ్ళీ కళ్ళచూడదు. ఎంత సంబరపడిందో చూశావుగా? వెళ్ళేదాకా ఇలా ఉండనీ. మన నలుగుర్లోనేగా." సాత్వికని కూడా పిలిచి, నానమ్మకి చెప్పకు, సీక్రెట్ అన్నాడు. ఆ పిల్ల తల్లికేసి చూసింది. తల్లి తలూపింది. ఇక్కడ తప్పు శివపార్వతిదే అని ఎవరన్నా అంటే ఆమె కాదనదు, తర్వాత మనసులో ఆ తలూపడం దగ్గరికి ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి ఆగిందో ఆమెకే తెలుసు.

స్వామి కాళ్ళకి బంధనాలేమిటి, తియ్యరా అంది కమలాదేవి. కంప్యూటర్లో తోలు పట్టీలు చెరిపేసి, పెద్దది ప్రింటు తీయించి, చట్రం కట్టించాడు భానుప్రకాష్. ఆవిడ దాన్ని దేవుడి అరలో వెంకటేశ్వరస్వామి పక్కన నిలబెట్టి రోజూ హారతిస్తోంది. శివపార్వతి రోజూ అంట్లు తోముకుంటూ చూసేది. మనసులో కొంచెం గర్వం, కొంచెం నవ్వు. దొంగచాటు గర్వం కూడా గర్వమేగా అనుకునేది.

మార్చి మొదటివారంలో ఒక బుధవారం, సర్జరీలో ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నప్పుడు ఆమె సెల్‌ఫోన్ మోగింది. భానుప్రకాష్. పనిలో ఉండగా ఎప్పుడూ చెయ్యడు. వెంటనే ఎత్తింది.

"ఏం కాలేదు, కంగారుపడకు. ఆ గద్ద ఫోటో, ఆ మంచు ముందు అంత స్పష్టంగా ఎలా వచ్చింది? ఏం పెట్టావు? ఆఫీసులో ఒక కెమెరా పిచ్చోడు అడుగుతున్నాడు."

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన తనని 'ఎలా చేశావు' అని అడగడం అదే మొదటిసారి. కూరలో ఉప్పెక్కువైతే అడిగాడేమో, అది వేరు. ఆమె పక్కనున్న అమ్మాయికి సైగచేసి వెనక గదిలోకి వెళ్ళి నిలబడి చెప్పింది. ఒకటిన్నర ఎందుకు పెంచిందో చెప్పింది. తల మీది ఈకల గురించి చెప్పింది. సీగల్స్ గురించి, చెత్తడబ్బాల గురించి, రెక్కలు కాదు కన్ను చూడాలనే సంగతి గురించి చెప్పింది. "ఆ గదిలో ఉన్నప్పుడు నన్నెవరూ పిలవరు కదండీ, అందుకే చూడ్డం వచ్చింది నాకు" అని నవ్వింది కూడా. అవతల కీబోర్డు టకటకలు వినిపిస్తున్నాయి. పాపం పని మధ్యలో నా మాట వింటున్నాడు అనుకుంది. సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో ఆయనకిష్టమని ఫిష్ అండ్ చిప్స్ కొనుక్కెళ్ళింది.

మళ్ళీ నెల తిరిగింది. శనివారం మధ్యాహ్నం శివపార్వతి బాక్స్‌రూమ్‌లో ఉండగా కింద తలుపు చప్పుడైంది. అత్తగారు నిద్రపోతోంది, భానుప్రకాష్ సాత్వికని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళాడు. వెళ్ళి తీస్తే బిందుమాధవి, తెలుగు సంఘం కార్యదర్శి, వరంగల్ పిల్ల. చేతిలో పెద్ద కవరు.

"లోపలికి రాను అక్కా, కారు డబుల్ ఎల్లో గీతల మీద పెట్టిన, ఫైనేస్తరు. ఉగాది క్యాలెండరు ప్రూఫు. బావకియ్యి. తప్పులుంటె రేపు పొద్దుగాల తొమ్మిదింటి లోపల చెప్పమను, పది గంటలకు ప్రింటుకు పోతది." వెళ్తూ వెళ్తూ ఆగి అంది, "బావ మస్తు రాసిండక్కా. చదువుతుంటే నేనే ఆడ నిలబడ్డట్టనిపించింది. నువ్వు అదృష్టవంతురాలివి."

విజయ నామ సంవత్సర క్యాలెండరు. అట్ట మీద మంచుకొండ ముందు ఆమె గద్ద, కాళ్ళకి పట్టీలు లేకుండా. కింద 'ఛాయాచిత్రం: భానుప్రకాష్'. ఆ పేరు చూసి ఆమెకి కోపం వెంటనే రాలేదు. ఈ క్యాలెండరు అత్తగారు చూస్తుంది కాబట్టి అలా వేయించాడేమో అని ఆయన తరఫున ఆయనకన్నా ముందే ఒక సాకు వెతికిపెట్టింది. తర్వాత లోపలి పేజీ తిప్పింది. 'మంచు ముందు గరుడుడు: నా అనుభవం'.

'తెల్లని నేపథ్యం చూసి కెమెరా కంగారుపడుతుంది. దాని మాట వినకూడదు. రెక్కల్ని కాదు, కన్నుని వెంబడించాలి. ఎటు తిరగబోతోందో పక్షి కన్ను ముందే చెబుతుంది. మా ఇంట్లో ఒక చిన్న గది ఉంది. నెలకి కొన్ని రోజులు అన్నీ పక్కనపెట్టి ఆ గదిలో ఏకాంతంగా గడుపుతాను. కిటికీలోంచి సీగల్స్ మీద సాధన చేశాను. అక్కడ నన్నెవరూ పిలవరు. అందుకే నాకు చూడటం వచ్చింది.'

ఆమె ఆ చివరి వాక్యం మూడుసార్లు చదివింది. కీబోర్డు టకటకలు ఇప్పుడు అర్థమయ్యాయి. ఫోటో పోతే పోయింది, ఇంకోటి తీసుకోవచ్చు. వంటగది గుమ్మం బయట నిలబెట్టిన మూడు రోజుల్లో ఆమె తన కోసం కట్టుకున్నదాన్ని కూడా ఆయన ఎత్తుకెళ్ళిపోయాడు. మైల ఆమెకి వదిలేసి ఏకాంతం తను పుచ్చుకున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఇక్కడ పెళ్ళాం సొమ్ము మొగుడు దానం చేశాడు, పైగా ఎలా సంపాదించాడో ఊరందరికీ పాఠం కూడా చెప్పాడు.

సాయంత్రం భానుప్రకాష్ బాక్స్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాకుండా. పట్టింపులు లేని మనిషి.

"ఇదేమిటండీ?" అంది క్యాలెండరు చూపించి.

"ఓ, వచ్చేసిందా! బాగుందా?" ఆమె మొహం చూసి స్వరం మార్చాడు. "అబ్బ, దీనికేంటి పార్వతీ! సంఘంవాళ్ళు ఫేస్‌బుక్‌లో చూసి అడిగారు, ఇచ్చాను. నీ పేరు వేస్తే అమ్మ చదవదా?"

"వ్యాసం ఎవరడిగారు?"

"వాళ్ళే అడిగారు. నేను తీశానన్నాక, ఎలా తీశావంటే ఏం చెప్పను? మనిద్దర్లో ఎవరి పేరుంటే ఏమిటి? మొగుడూపెళ్ళాల మధ్య ఈ లెక్కలేమిటి? కెమెరా నాది, వోచరు నాది, నిన్ను తీసుకెళ్ళింది నేను. వేలు నీదైతే మాత్రం..." అని నవ్వబోయి, ఆమె నవ్వకపోవడంతో ఆగిపోయాడు. "రేపు ప్రింటుకెళ్తోంది. ఇప్పుడు గొడవ చెయ్యకు. నా పరువు పోతుంది."

"నా మాటలు నన్నడక్కుండా రాసుకున్నారు" అంది ఆమె నెమ్మదిగా. "మీరు మొదటిసారి నన్నడిగారని నేనెంత మురిసిపోయానో తెలుసా మీకు? ఆ రోజు చేపలు కొనుక్కొచ్చాను."

ఆయనకి చేపల సంగతి అర్థం కాలేదు. "పడుకో, ఇదేం పెద్ద సంగతి కాదని రేపటికి నీకే అనిపిస్తుంది" అని వెళ్ళిపోయాడు.

రేపటికి ఆమెకి అలాగే అనిపించి ఉండేదేమో. గొడవ చేస్తే అత్తగారు బాధపడుతుంది, చెయ్యకపోతే తను బాధపడుతుంది, రెండోది అలవాటున్న బాధ. ఆదివారం ఎనిమిదిన్నరకి కాఫీ కోసం మెట్ల మీద నిలబడేసరికి ఆమె దాదాపు పోనీలే దాకా వచ్చేసింది.

కింద కమలాదేవి దేవుడి అర ముందు హారతి వెలిగిస్తోంది. సాత్విక పక్కన నిలబడి గంట వాయిస్తోంది. "దణ్ణం పెట్టుకోవే బంగారం" అంది నానమ్మ. "మీ నాన్న చేత్తో తీసిన గరుత్మంతుడు. నీకూ ఇంకో రెండు మూడేళ్ళకి అన్నీ నేర్పాలి, ఎప్పుడు ముట్టుకోవచ్చో, ఎప్పుడు కూడదో. ఎవరు తీశారు చెప్పు?"

"డాడీ టుక్ ఇట్, నానమ్మా" అంది సాత్విక. ఎవరూ కళ్ళెర్రజెయ్యలేదు, సైగ చెయ్యలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల, లెన్సు మూత పట్టుకుని పక్కన నిలబడ్డ పిల్ల, గొంతు తడబడకుండా చెప్పింది. చెప్పి మెట్ల మీదున్న తల్లికేసి తలెత్తి చూసింది, బాగా చెప్పానా అన్నట్టు.

శివపార్వతికి నిన్న మొగుడు చేసిందానికి ఏడుపొచ్చింది. ఇవాళ కూతురు చూసిన ఆ చూపుకి ఏడుపు కూడా రాలేదు. దానికి ఆ చూపు నేర్పింది తనే.

మేడమీదికెళ్ళి సెల్‌ఫోన్ తెచ్చుకుని, మెట్లన్నీ దిగి హాల్లో నిలబడింది. అందరికీ వినిపించేలా మాట్లాడింది.

"బిందూ, నేను శివపార్వతిని. ప్రూఫులో తప్పులున్నాయి. అట్ట మీద ఫోటో తీసింది నేను. పేరు మార్చండి. లోపల వ్యాసం మాటలూ నావే, అది తీసేయండి, వచ్చే ఏడు నేనే రాసిస్తాను. ఫోటో కూడా మార్చాలి. గద్ద కాళ్ళకి పట్టీలున్నాయి, ఎవరో చెరిపేశారు. అసలుది ఇప్పుడే పంపిస్తున్నాను, అదే వేయండి."

ఫోను పెట్టేసేసరికి భానుప్రకాష్ పైన మెట్ల దగ్గర పైజామాలో నిలబడి ఉన్నాడు. "అమ్మ ముందు ఏమిటిది పార్వతీ?" అన్నాడు. సాత్విక గంట ఊపడం ఆపేసింది.

కమలాదేవి హారతి పళ్ళెం కింద పెట్టింది. వేళ్ళు ముడుస్తూ రోజులు వెనక్కి లెక్కపెట్టుకుంది. "కొండల్లోకి వెళ్ళిన శనివారం... నువ్వు బయటున్నావు కదే?"

"అవునండీ అత్తయ్యగారూ. ఆ రోజు బయటున్నాను. ఇవాళా బయటే ఉన్నాను. మీరు నెల రోజులుగా కళ్ళకద్దుకుంటున్నది నేను ఆ రోజు తీసిందే. మీ గరుత్మంతుడేం కోప్పడలేదు."

ఆ మాట అంటూనే ఆమె దేవుడి అర ముందుకి నడిచింది. నాలుగు నెలలుగా, ఆ రోజుల్లో, ఆ హాలు కార్పెట్ మీద ఆమె దాటని చోటు. వెంకటేశ్వరస్వామి పక్కనున్న చట్రం వైపు చెయ్యి చాపింది.

"ముట్టుకోకే!" అని అరిచింది కమలాదేవి.

శివపార్వతి చట్రం రెండు చేతులా ఎత్తి, గాజు మీది కుంకుమ కొంగుతో తుడిచి, ఆ రోజు లెన్సు మూత పట్టుకున్న పిల్లకి అందించింది.

"దీన్ని అందరికన్నా ముందు ముట్టుకున్నది నేనేనండీ."